నమ్మకం కదలు

షబ్నం తన అచ్చుతప్పులన్నీ దిద్దుకుంది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎనిమిదేళ్ళుగా విశాఖపట్నం కోర్టు వీధిలో దర్జాగా తిరుగుతోంది.

కోర్టుకెదురుగా ఆమెది డీటీపీ కొట్టు. పోలీసులు ఎక్కడ సోదా చేసినా, పక్కనుండి చూసిన మధ్యవర్తులు ఏం చూశారో రాసే కాగితం, అదే పంచనామా, ఆమె దగ్గరే టైపవుతుంది. పేర్లు మారతాయి, పేటలు మారతాయి. ఒక్క వాక్యం మాత్రం మారదు. "గెజిటెడ్ అధికారి ఎదుట సోదా చేయించుకొను హక్కు నీకు గలదని చెప్పగా, మీపై పూర్తి నమ్మకం కలదు, ఎవరూ అక్కరలేదని అతడు చెప్పినాడు." మధురవాడ కాలేజీ విద్యార్థీ ఇదే అంటాడు, పద్మనాభం ఊరి ఆటోడ్రైవరూ ఇదే అంటాడు. గంజాయి కేసులో ఇరుక్కుని, ఎదురుగా పోలీసుని పెట్టుకుని, మనిషికి అంత నమ్మకం ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుందో షబ్నం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ వాక్యంతో సహా పంచనామాను ముందే కొట్టి ఫైలుగా దాచుకుంది. ఆ తొందరలో "కలదు" కాస్తా "కదలు" అయి కూర్చుంది.

నమ్మకం కదలు! రెండేళ్ళ తర్వాత చూసుకుంది. ఎవరైనా చదివితే అడుగుతారులే అని వదిలేసింది. ఒక్కరూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు అందరూ సంతకాలు పెట్టేశారు. స్టేషన్‌వాళ్ళయితే ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోయి సొంతంగా కూడా వాడుకుంటున్నారు.

ఆ మంగళవారం పదిన్నరకి తమ్ముడు ముజీబ్ ఫోన్ చేశాడు. వన్‌టౌన్‌లో అతనిది పరుపుల కొట్టు.

"ఆపా, పోలీసులొచ్చినారు. దిండ్లలో గంజాయుందంటన్నారు. సంతకం ఎట్టమంటన్నారు."

"ఎట్టకు. నానొస్తన్నాను. నానొచ్చేదాకా పెన్ను ముట్టుకోకు."

గంజాయి కేసులో ఒకసారి పేరెక్కితే బెయిలుకే నెలలు పడుతుందని ఆమెకు బాగా తెలుసు. ముజీబ్ అలాంటి పని చెయ్యడనీ తెలుసు. కానీ గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకునే రకం వాడు. గట్టిగా అరిస్తే దేనికైనా సంతకం పెట్టేస్తాడు. షబ్నం ఆటో ఎక్కింది.

కొట్టులో ఎస్సై శ్రీరామ్మూర్తి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గుమ్మంలో ఉన్నారు. ప్రతి కేసులోనూ మధ్యవర్తిగా వచ్చే వార్డు ఉద్యోగి ఎల్లారావు గోడవారగా నిలబడ్డాడు. బల్ల మీద సగం కుట్టిన దిండు, అందులోంచి ఎండుటాకులు కనిపిస్తున్నాయి. ఐదేసి వేళ్ళున్న ఆకులు.

"నువ్వేటమ్మా ఇక్కడ?" అన్నాడు ఎస్సై.

"ఈడు నా తమ్ముడు సార్. ఆ కాగితం ఓపాలి ఇవ్వండి."

కాగితాలు ఆమె చేతికివ్వడం అలవాటైన చెయ్యి కదా, ఇచ్చేసింది.

షబ్నం చదివింది. పైన ముజీబ్ పేరు. సోదా జరిగిన సమయం మధ్యాహ్నం పన్నెండున్నర. గోడ గడియారంలో ఇంకా పదకొండు కాలేదు. దొరికిన గంజాయి ఎన్ని కిలోలో రాయడానికి మాత్రం ఖాళీ వదిలారు. నడి మధ్యలో "నమ్మకం కదలు".

ఆమె సిగ్గుతో చితికిపోయింది. తమ్ముడి నోట్లో ఆ మాట పెట్టింది తనే.

"ముజీబ్, పెద్దాఫీసర్ని పిలిపించుకునే హక్కుందని నీకు సెప్పినారా?"

"నేదాపా. ఏటీ సెప్పనేదు."

"సార్, ఇది ఈడన్న మాట కాదు, నానన్న మాట. ఎనిమిదేళ్ళ కిందట. ఇదిగో, 'కదలు' అని ఉంది, సూడండి. మావోడు ఎంత బయపడినా నా అచ్చుతప్పుతో మాటాడ్డు కదా!"

ఎస్సై ముఖం ఎర్రబడింది. "సోదాకి అడ్డమొస్తున్నావా?"

"అడ్డమేటి? సెయ్యండి. దిండ్లన్నీ ఇప్పీయండి. కానీ వరసలో సెయ్యండి. ముందు ఈడి హక్కు ఈడికి సెప్పండి. ఈడేటంటాడో అదే రాయండి. ఆనక మీ జేబులు మధ్యవర్తికి సూపించండి, ఆ తరవాత మా దిండ్లు. ఇయన్నీ మీరు రోజూ నాసేత కొట్టించీవే కదా సార్." ఆమె ఎల్లారావు వైపు తిరిగింది. "పన్నెండున్నరకి జరగబోయేది తమరు అప్పుడే సూసీసినారా?"

"నానింకా సంతకం ఎట్టనేదమ్మా," అన్నాడు ఎల్లారావు, గోడకి ఇంకాస్త అంటుకుపోతూ.

ముజీబ్ గొంతు సవరించుకున్నాడు. "నాకు తాసిల్దారు గారు కావాల సార్." పొద్దుట్నుంచి వాడు తలెత్తి అన్న మొదటి మాట అదే.

గంటలో తహసీల్దారు మహాలక్ష్మమ్మ వచ్చింది. ఆమె ఎదుటే పోలీసులు తమ జేబులు చూపించారు, తర్వాత ముజీబ్ జేబులు చూశారు. దిండ్లన్నీ విప్పారు. ఆమె ఒక ఆకు నలిపి వాసన చూసి పక్కున నవ్వింది.

"ఇది వావిలాకు కదయ్యా! తలనొప్పికి మా అమ్మ దిండులో ఇదే కుట్టేది."

"అదే సెప్పబోతే అరిసినారమ్మా," అన్నాడు ముజీబ్.

పోలీసులు తెచ్చిన గంజాయి పరీక్ష పెట్టె తెరిచి చూసినా అదే తేలింది. ఐదు వేళ్ళ ఆకు చూసి గంజాయనుకుని ఎవడో కబురందించాడు, అంతే. శ్రీరామ్మూర్తి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కాగితం మీద సంతకం పడి ఉంటే, ఈ వావిలాకు ఎన్ని కిలోల గంజాయిగా తూగేదో!

ముజీబ్ అక్క చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. షబ్నానికి ఏడుపు రాలేదు, తన మీద తనకే మండింది. ఎనిమిదేళ్ళలో ఇంకెంతమంది నోళ్ళలో పెట్టిందో ఆ మాట. వాళ్ళలో ఎవరికీ కోర్టు వీధిలో అక్క లేదు.

మధ్యాహ్నం కొట్టుకొచ్చి, ఫైలు తెరిచి, ఆ వాక్యం చెరిపేసింది. దాని చోట మూడు వరసల చుక్కలు పెట్టింది.

సాయంత్రం ఎల్లారావు రానే వచ్చాడు. "రేపొద్దున ద్వారకా నగర్‌లో సోదా ఉందమ్మా. అదే ఫైలు, పేరు మార్చి కొట్టీ."

కాగితం అందుకుని కళ్ళు చిట్లించాడు. "ఇక్కడ కాళీ వదిలీసినావేటి?"

"రేపు ఆ మనిషిని అడగండి. ఏటంటాడో ఇని నా కాడికి రండి. అదే కొడతాను."

"ఆడు కూడా నమ్మకం కలదనే అంటేనో?"

"కలదనే కొడతాను," అంది షబ్నం. "ఈపాలి తప్పు నేకండా."