ఎడమ పేజీలు

కుట్టు మాత్రం గట్టిగానే పడింది, దబ్బనం రెండుసార్లు పోయింది, గొంగడి కుట్టే దారం, ఇంకో పదేళ్ళైనా తెగదు, బిడ్డల పుస్తకాలు చినగాలే తప్ప నేను కుట్టిన కాగితం ఊడదు, అయినా అది ఊడకపోతే ఇప్పుడు ఎవరికి లాభం, బస్సు చిట్యాల దాటింది, పక్కన కూర్చున్న ముసలాయన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు, నా ఒళ్ళో సంచి, సంచిలో నా పుస్తకం, తల్లి పుస్తకం అంటారు దాన్ని నా బిడ్డలు, దగ్గుకు కషాయం ఉంది ఇందులో, గొర్రె కడుపు ఉబ్బితే ఏం తాగించాలో ఉంది, బాలింత పథ్యం ఉంది, బీరప్ప పండుగకు ఏది ముందు తేవాలో ఉంది, ఒక్కటే లేదు, నా మనుమరాలు బీరమ్మకు ఏ మందు పడదో ఆ పేరు లేదు, ఆ పేరు తెలిసేదాకా సూది వేయనని చౌటుప్పల్ డాక్టరు ఆగాడు, నాలుగేళ్ళ పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోందట.

నలభై దాటాక ఊళ్ళోకి వయోజన విద్య బడి వస్తే పలక పట్టాను, గొర్ల ఎనక తిరిగేదానికి గీ రాతలెందుకే గుర్వమ్మా అని మా ఆయన ఎగతాళి చేసేవాడు, నీ చేతి గీతలు మంచిగ లేవు గనకనే నేను గీస్తున్న అనేదాన్ని, రెండు వందల పేజీల నోటుబుక్కులో కుడి పేజీలన్నీ నిండాయి, చూసి మూడు పుస్తకాలు ఎత్తి రాశాను, ముగ్గురు బిడ్డలకు మూడు, ఒక్కటే కట్టడి పెట్టాను, కుడి పేజీ నాది, ఎడమ పేజీ మీది, కుడి దాని మీద మీరు చెయ్యి పెట్టొద్దు, ఎడమ దాన్ని నేను కన్నెత్తి చూడను, ఏటా బీరప్ప పండుగకు పుస్తకాలు పట్టుకొస్తారు, నా దాంట్లో మారింది వాళ్ళ వాటిలో దిద్దుతాను, నార్కట్‌పల్లిలో చాయ హోటల్ నడిపే పెద్దది లక్ష్మీనర్సమ్మ మూతి తిప్పుతుంది, నువ్వు రాసినంత అల్లం చాయల ఏస్తే లారీ డ్రైవర్లు నన్ను తిడుతరు, నా ఎడమ పేజీల నా చాయ నాకుంది అంటుంది, తిరుమలగిరిలో గొర్లున్న నడిపిది నాగులమ్మ, అమ్మ మాట సర్కారు మాట లెక్క, ఏటికోపారి మారుతది అంటుంది, మారదా మరి, తెలిసినకొద్దీ మారుతుంది.

ఈ ఏడు మారింది మిరియాలు, దగ్గు కషాయానికి పది అని రాసి ఉండె, చిన్నపిల్లలకు అంత కారం ఆగదు, మూడు చాలు, ఎప్పటిలా గీత కొట్టి పైన రాస్తే అయిపోయేది, కానీ ఆ పేజీకి అప్పటికే నాలుగు కొట్టివేతలున్నాయి, చూడబుద్ధి కాలేదు, కొత్త కాగితం మీద శుభ్రంగా రాసి, పాతది బ్లేడుతో కోసి, పండుగకు బిడ్డలు తెచ్చిన మూడు పుస్తకాల్లోనూ కొత్తది కుట్టాను, కుడి పేజీ నాదే గదా, నా పేజీ నేను కోసుకున్నాను, దాని వీపు అవతలి జ్వరం పేజీకి ఎడమ పేజీ అవుతుందని తోచలేదు, కాగితానికి రెండు వైపులుంటాయని బడి మొహం చూడని వాళ్ళకు కూడా తెలుసు, పాతవి మూడూ నీళ్ళ పొయ్యిలో పెట్టాను, అంటుకునేటప్పుడు ఒకదాని మీద నీలం అక్షరాలు కనబడ్డాయి, నాది నల్ల సిరా, అప్పుడైనా ఆగవలసింది, నీళ్ళు కాగడం లేదని ఇంకాస్త ఊదాను.

నిన్న పొద్దుగూకాక కిరాణం కొట్టుకు ఫోను వస్తే ఉరికాను, చిన్నది యాదలక్ష్మి, అమ్మా, నా పుస్తకంల జ్వరం పేజీకి ఎదురుంగ నేను రాసుకున్నది లేదు, ఏడికి పోయింది, ఏం రాసుకున్నవే అన్నాను, మందు పేరు, పోయినేడు నల్గొండ దవాఖానల సూది ఏస్తే పిల్లకు గొంతు వాచి ఊపిరాడలే, గిది మళ్ల జన్మల ఎయ్యనియ్యకుండ్రి అని డాక్టరు చిట్టి మీద రాసిచ్చిండు, చూసి దించుకున్న, మరి ఆ చిట్టి ఏదే, చిట్టెందుకమ్మా, పుస్తకంల ఉంటే పోదనుకున్న, నువ్వు చూసినవా, నీకన్నీ యాదికుంటయి గద, ఉంటాయి, ఏ కరువులో ఏ గొర్రె కవలలు వేసిందో ఉంది, అత్తగారు మొదటిసారి తిట్టిన తిట్టు ఉంది, అది మాత్రం నేను చూడలేదు బిడ్డా అన్నాను, అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

చౌటుప్పల్ దవాఖానలో బీరమ్మ నుదుటి మీద తడిగుడ్డ, యాదలక్ష్మి నన్ను చూసి జరిగి జాగా ఇచ్చింది, తిట్టినా బాగుండేది, అల్లుడు ఐలేశం తెల్లారంగనే నల్గొండ బస్సు ఎక్కాడట, గోలీల ఫ్యాక్టరీలో మూటలు మోసేవాడికి గోలీ పేరు తెలియదు, నేను గుడ్డ తడిపాను, పిండాను, వేశాను, ఎన్నిసార్లో, పొద్దు వంగాక వచ్చాడు, చెప్పులు కూడా విడవకుండా నల్గొండ దవాఖానలో మళ్ళీ రాయించుకొచ్చిన చిట్టి డాక్టరు చేతిలో పెట్టాడు, ఆయన చదివి, నిన్న నేను వేయబోయింది ఇదేనమ్మా అన్నాడు, వేరే సూది వేశారు, చాలాసేపటికి పిల్లకు చెమట పట్టింది, కళ్ళు తెరిచి, అవ్వా, నీ చేతులు ముడుతలు పడ్డయేందే అంది, నీళ్ళల్ల నానినయి బిడ్డా అన్నాను.

యాదలక్ష్మి పుస్తకం తీసి మళ్ళీ దించుకుంటోంది, నీలం సిరా, నేను నా పుస్తకం తీశాను, జ్వరం పేజీ దగ్గర తెరిచాను, కుడివైపు నా నల్ల అక్షరాలు, ఎడమవైపు తెల్లగా ఉంది, వెనక్కి తిప్పాను, తెల్లగా ఉంది, ముందుకు తిప్పాను, లక్ష్మీనర్సమ్మ చాయ లేదు, నాగులమ్మ తన గొర్లకు ఏం తాగిస్తుందో లేదు, నేను చెప్పింది నాలుగు పుస్తకాల్లో ఉంది, వాళ్ళు పడి తెలుసుకున్నది ఒక్కొక్క పుస్తకంలోనే ఉంది, అది కాలితే ఇక ఎక్కడా లేదు, యాదీ, ఆ చిట్టి ఇటు ఇయ్యి అన్నాను, ఎందుకమ్మా, గది నా పేజీ గద, నువ్వు సూడవు గద అంది, ఇప్పటిసంది చూస్త బిడ్డా, ఒక్కొక్క అక్షరం చెప్పు, నేను రాస్త అన్నాను, తను చెబుతోంది, నేను రాస్తున్నాను, పదకొండేళ్ళుగా దిద్దుతూ వచ్చిన తల్లి పుస్తకంలో సగం రాయనే లేదు.