గడ్డి కింది నుయ్యి

రైలు కంపెనీ యార్డు పెంచడానికి దయాల్‌బంద్‌లోని మా మిరప చేను తీసుకుంటోంది. కొలవడానికి సర్కారు అమీను వస్తున్నాడని తెలిసి, నుయ్యి కనిపిస్తే శిస్తు పెంచుతారని మా మామ్మ అచ్చియమ్మ దానిమీద బల్లలు పరిచి గడ్డి కప్పేసింది. అమీను చూసి మెట్టభూమి అని రాసుకున్నాడు. మెట్ట ధర ఇస్తే, మేం బదులుగా కొనాలనుకున్న బెల్తరా ఊళ్లో మాకు సగం చేను కూడా రాదు.

"చెప్పేద్దాం మామ్మా," అన్నాను మెల్లగా.

"ఏటే నీ గోల? నోర్మూసుకో!"

అమీనుతో మాట్లాడే ధైర్యం నాకు లేదు. అందుకే గడ్డీ బల్లలూ లాగేసి, ఆయన చూస్తుండగానే నీళ్లు తోడి చెంబుతో అందించాను. ఆయన తాగి పకపకా నవ్వాడు. ఇది శిస్తు లెక్క కాదనీ, నుయ్యి ఉంటే పరిహారం పెరుగుతుందనీ హిందీలో చెప్పి, రాసింది కొట్టేశాడు.

మామ్మ నా చెయ్యి గిల్లింది.

"అచ్ఛా, అలాగేటి? అయితే ఆ పాక ఎనకాల గడ్డి కప్పిన రెండో నుయ్యి కూడా సూపించవే!"