జనసంచారం లేని చోటు

మడ అడవి ఎవరిదీ కాదని అందరి నమ్మకం. దానికి ఆధారమూ లేకపోలేదు: ఆ బురదలో ఎవరి అడుగూ నిలవదు, పోటు వచ్చి తుడిచేస్తుంది.

సర్వేయరు పోటు వేళ పడవలో వచ్చాడు. నీళ్లనూ, నీళ్లలో నిలిచిన చెట్లనూ చూసి "జనసంచారం లేదు" అని రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యంతో అడవి రొయ్యల చెరువుల కాంట్రాక్టరుకు దఖలు పడింది. సోమవారం నరుకుడు.

ఆదివారం వలల పాకలో పీతలు పట్టే ఆడవాళ్లు ముప్పై ఒక్కమంది కూడారు. ఎవరూ ఏడవలేదు. అవతలి పాయ వెంట చెట్లు కొట్టేసిన ఏడాదే తుఫాను వచ్చింది. వాళ్లందరిలో పెద్దదైన పెద్దక్క భర్తా, కొడుకూ అందులో పోయారు. అప్పటినుంచి ఆమె ముఖంలో ఏదీ కదలదు.

"కోర్టుకెళ్దాం వదినా," అంది ఆమె మరదలు.

"వెళ్లి ఏం చూపిస్తావే? కాళ్ల పగుళ్లా?"

"చూపిస్తా. జడ్జిగారి బల్ల మీదే పెడతా."

కొందరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"రేపు ఆటుకి నీళ్లు తగ్గగానే ఎప్పట్లాగే బురదలోకి దిగుదాం," అంది పెద్దక్క. "బయటికి మాత్రం రావద్దు."

సోమవారం రంపం కూలీలు గట్టు మీదే ఆగిపోయారు. "చెట్టుకో మనిషి నిలబడితే రంపం ఎక్కడ పెట్టమంటారయ్యా?" అన్నారు. కాంట్రాక్టరు పోలీసులను పిలిపించాడు. ఇన్‌స్పెక్టరూ, ఎనిమిది మంది కానిస్టేబుళ్లూ బూట్లతోనే దిగారు. నలభై అడుగులు నడిచేసరికి తొడల దాకా కూరుకుపోయారు. పోటు మొదలైంది.

"అమ్మా! ఎవరైనా లాగండమ్మా!"

"జనసంచారం లేని చోట అరిస్తే ఎవరికి వినబడుతుంది సార్?" అంది మరదలు. తర్వాత వదినతో, "వదిలేద్దాం. తుఫానులో మనవాళ్లను ఎవడు లాగాడు?" అంది.

పెద్దక్క చాలాసేపు చూసింది. నీళ్లు కానిస్టేబుళ్ల నడుము దాటాయి. బురద మీద పీతల బుట్టలు లాగే చెక్కను ఆమె ముందుకు తోసింది.

"బూట్లు వదిలెయ్ నాయనా. నిలబడితే ఇంకా దిగుతావు. దీని మీద బోర్లా పడుకో."

తొమ్మిది మందినీ గట్టుకు చేర్చారు. గట్టు మీద ముప్పై ఒక్కమందినీ అరెస్టు చేశారు. పెద్దక్క చేతికి వేసిన బేడీ బురదకు జారిపోతే మళ్లీ వేశారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కాంట్రాక్టరును అడిగాడు: "వీళ్లు అక్కడికి రావడం ఇదే మొదటిసారా?"

"మొదటిసారేంటండీ! తాతలనాటినుంచీ రోజూ ఆ బురదలోనే పడి ఉంటారు!"

"అక్షరం పొల్లు పోకుండా రాయండి సార్," అంది మరదలు.

ఇన్‌స్పెక్టరు తన వట్టి కాళ్లకేసి చూసుకున్నాడు. అలాగే రాశాడు. కాంట్రాక్టరు సంతకం చేశాడు.

ముప్పై ఒక్కమందికీ పదిహేను రోజుల రిమాండు పడింది. మంగళవారం ఆటుకు నూట నలభై మంది బురదలోకి దిగారు. వాళ్లలో పదకొండు మంది రంపం కూలీలు. ఆ రోజు ఒక్క చెట్టూ పడలేదు.