పట్టూ విడుపూ, రైట్ రైట్

"రోజుకు మూడు పూటలా కట్టి బిగించాలట!" అని ఇంట్లో చాటింపు వేసింది నేనే. మా అమ్మాయికి కాన్పయిన ఆరో వారం, ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ఫోన్‌లో చెబుతుంటే నా చెవిన పడ్డ ముక్క అది. ఇరవై ఎనిమిదేళ్లు బస్సులో కండక్టరుగా ఇంజను మోత విన్న చెవి. దాని మీద నాకు అపారమైన నమ్మకం.

సాయంత్రం డ్యూటీ దిగుతూ, బస్సు టాపు మీద సామాన్లు బిగించే వెడల్పాటి పటకా ఒకటి పట్టుకొచ్చాను.

"దేనికండీ? కూతురికా, ట్రంకుపెట్టెకా?" అంది మా ఆవిడ.

అమ్మాయి పటకా వంక చూసింది. నవ్వబోయి, ఠక్కున నోరు మూసుకుని బాత్‌రూంలోకి పరిగెత్తింది.

నా ప్రాణం చివుక్కుమంది. చిన్నప్పుడు నా మాటలకు పొట్ట పట్టుకుని దొర్లిన పిల్ల, నెలన్నరగా నేను నోరు తెరిస్తే చాలు లేచిపోతోంది. కండక్టరు జోకులు చిల్లరవే, ఒప్పుకుంటాను. కానీ చెల్లని చిల్లర ఏనాడూ కాలేదు.

"తప్పు మీ జోకులది కాదండీ" అని మా ఆవిడ గొంతు తగ్గించింది. "నవ్వినా తుమ్మినా దానికి బట్టలు తడిసిపోతున్నాయి. కాన్పుకి కింది కండరాలు వదులయ్యాయట. బడిలో ఆటల టీచరాయె, తాడు పట్టుకుని ఎగరాలి. పిల్లల ముందు ఆ అవస్థ పడలేనని రాజీనామా కాగితం రాసి దిండు కింద పెట్టుకుంది."

ఊరందరినీ నవ్వించే నాకు ఆ పూట నవ్వు రాలేదు.

అమ్మాయి బయటికొచ్చి కూర్చుంది. "కట్టి కాదు నాన్నా, కటి. కటి కండరాలు బిగించాలి. ఒంటేలు ఆపుకున్నట్టు లోపలికీ పైకీ. ఊపిరి ఆపకూడదు, పొట్టా తొడలూ బిగబట్టకూడదు. కాసేపు పట్టి, పూర్తిగా వదిలెయ్యాలి. పదిసార్లు చొప్పున మూడు పూటలా. మధ్యలో బాబు ఏడిస్తే లెక్కంతా పోతోంది."

"ఓసి నీ! పట్టడం, వదలడం నా ఉద్యోగమే కదే తల్లీ!" అన్నాను.

మర్నాటి నుంచి ఇంట్లో బస్సు బయల్దేరింది. నేను "హోల్డాన్!" అంటే బిగింపు. "రైట్ రైట్!" అంటే వదలడం. మొదటివారం పెద్ద తప్పే చేశాను. ఆఖరి మనిషి ఎక్కేదాకా రైట్ చెప్పని అలవాటు కదా, హోల్డాన్ అనేసి మనవడి గుడ్డ మార్చడంలో పడిపోయేవాణ్ని.

"నాన్నా, ఇంకా ఎవరైనా ఎక్కుతున్నారా?" అని మూలిగేది.

నాలుగోరోజుకి నొప్పి పుట్టింది. డాక్టరమ్మ ఫోన్‌లో నన్నే పిలిపించి వాయించింది. "ఇప్పటికి మూడు సెకన్లు చాలండీ. పట్టు ఎంతసేపో విడుపూ అంతసేపు. పూర్తిగా వదలకపోతే కండరం అలిసిపోతుంది."

నా జీవితంలో ఎక్కించుకోవడమే తప్ప వదిలిపెట్టడం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. గోడగడియారం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మూడు సెకన్లు ఐదయ్యాయి, నెలలు గడిచేసరికి పదయ్యాయి. ఎక్స్‌ప్రెస్ లాగా దూకుదామని అమ్మాయి తొందరపడితే, "ఇది ఆర్డినరీ సర్వీసమ్మా, ప్రతి స్టాపులో ఆగాలి" అనేవాణ్ని. నాలుగో నెలలో ఒకరోజు గట్టిగా తుమ్మి, గది మధ్యలో కొయ్యలా నిలబడిపోయింది. తర్వాత మెల్లగా అంది: "ఏమీ కాలేదు నాన్నా." అయినా కాగితం మాత్రం దిండు కిందే ఉంది.

సెలవైపోయి బడికెళ్లిన మొదటిరోజు నా బస్సు ఆ గేటు ముందునుంచే వెళ్తోంది. మైదానంలో నలభైమంది పిల్లలు. మధ్యలో తాడు పట్టుకుని మా అమ్మాయి. నా అనుమతి లేకుండానే నా నోరు అరిచింది: "హోల్డాన్!"

బస్సు ఆగింది. "ఎవరు దిగాలి బావా?" అన్నాడు డ్రైవరు.

"దిగడానికి కాదు, ఎగరడానికి."

అమ్మాయి ఎగిరింది. పిల్లలు లెక్కపెడుతున్నారు. ఇరవై, ముప్పై, యాభై! తాడు వదిలేసి ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. ఏం చూసుకుంటోందో అంతమందిలో నాకొక్కడికే తెలుసు. తర్వాత జేబులోంచి మడత కాగితం తీసి చించి, చెత్తబుట్టలో పారేసి, గేటుకేసి నడిచొచ్చింది.

రైట్ రైట్ అనడం మరిచిపోయి నేను ఫుట్‌బోర్డు మీదే వేలాడుతున్నాను.

"తాడాటకి బస్సాపుతావటయ్యా?" అని ముందు సీటు ముసలమ్మ కస్సుమంది. తోటి టీచర్లూ గేటు దగ్గరికొచ్చారు. టైరేదో అని నేను నసుగుతుంటే అమ్మాయి అడ్డొచ్చింది.

"టైరు కాదు, నేనేనండీ కారణం. కాన్పయ్యాక నవ్వినా ఎగిరినా నాకు బట్టలు తడిసేవి. కటి బిగించమని డాక్టరమ్మ చెబితే, మా నాన్న కట్టి బిగించమన్నారనుకుని లగేజీ పటకా తెచ్చాడు! తర్వాత నాలుగు నెలలు మూడు పూటలా హోల్డాన్, రైట్ రైట్ అంటూ నాచేత వ్యాయామం చేయించాడు. ఇందాక ఆయన అరిచింది మీకోసం కాదు, అలవాటులో నాకోసం."

బస్సంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మాయే. ఎక్కడికీ పరిగెత్తలేదు.

వెనక సీట్లో చంటిబిడ్డతో ఉన్నావిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "బస్సు ఎలాగూ ఆగింది కదమ్మా, అదెలా చెయ్యాలో నాకూ చెప్పెయ్."