పచ్చ, తర్వాత గోధుమ

మా బావకి ఆకుపచ్చకీ గోధుమరంగుకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. ఈ సంగతి ఎరిగినవాళ్లం ముగ్గురమే: ఆయన, మా అక్క, నేను. బావ చేసేదేమో రంగుల పనాయె! కేబుల్లో వెంట్రుకంత సన్నటి గాజుపోగులు పన్నెండు, వాటికి పన్నెండు రంగులు. ఈ కొస పచ్చని ఆ కొస పచ్చకే అతకాలి.

అతకడంలో బావ చేతికి తిరుగులేదు. కంటికి బదులు నా నోరు. పదకొండేళ్లు, కేబుల్ కోసం తవ్విన గోతిలో ఆయన పక్కన కూర్చుని, పోగు తీసి అందిస్తూ "నీలం... నారింజ... పచ్చ..." అని పైకి అరిచేవాణ్ణి. మిగతా ముఠాలవాళ్లు నన్ను పాటగాడని వెక్కిరించారు. మా అతుకుల్లో తప్పులు పడకపోయేసరికి వాళ్లూ అరవడం మొదలుపెట్టారు. ఇంజనీరు మేడమ్ ఏకంగా రూలే రాసేశారు: గోతిలో ఇద్దరుండాలి, ఒకరు రంగు చెప్పాలి, ఒకరు అతకాలి. దేశంలోని పరిశోధనశాలలనీ, టెలిస్కోపులనీ, ఆసుపత్రులనీ కలిపే ఈ లైను పొడవునా ఇప్పుడదే పద్ధతి. మా దొంగాట దేశానికి రూలైందని నేనూ బావా ఎన్నిసార్లు నవ్వుకున్నామో!

ఆఖరి అతుకు రోజున మేడమ్ నన్ను పిలిచి, "యూనివర్సిటీలో మన లైను చేరే మిషన్ల గదికి మనిషి కావాలి. అతుకు పూర్తయ్యాక వచ్చెయ్. ఇక అక్కడే పర్మనెంటు," అన్నారు. కుర్చీ, చల్లగాలి, ఒంటికి మట్టంటని పని. ఎగిరి గంతేశాను. గోతిలో బావకి చెబితే మొహం ముడుచుకున్నాడు.

"రేపు రిపేర్లకి నీ బదులు వచ్చే కొత్తవాడు ఓ రోజు బద్ధకించి అరవకపోతే? నోరు తెరిచి ఎలా అడగనురా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పదకొండేళ్లు నీకు కళ్లద్దాల్లా బతికాను. ఇంక నావల్ల కాదు. మిగిలినవి నువ్వే చూసుకో!" అని నారింజ అందించి లేచిపోయాను. బావ ఆపలేదు.

మధ్యాహ్నం రెండింటికి మిషన్ల గదిలో, అతుకైపోయిందని కబురొచ్చాక, పరీక్ష మొదలుపెట్టాను. అవతలివాళ్లు ఒక్కో పోగులో వెలుగు పంపుతారు, ఇక్కడ మీటరు పెట్టి నేను చూసుకోవాలి. వాళ్లు పచ్చలో పంపిన వెలుగు నాకు గోధుమలో వచ్చింది. మూడింటికి లైను ప్రారంభం. ఎక్కడో దూరాన ఆసుపత్రిలో తీస్తున్న మెదడు స్కానుని ఇక్కడి డాక్టర్లు అప్పటికప్పుడు తెరమీద చూడాలి.

నా చేతి దగ్గరే ఆ రెండు పోగుల తీగలున్నాయి. ఒకదాని చోట ఇంకోటి గుచ్చితే చాలు, అంతా సర్దుకుంటుంది. బావకి ఫోన్ చేశాను.

"బావా, పచ్చా గోధుమా తారుమారయ్యాయి. కంగారుపడకు. ఇక్కడ తీగలు మార్చేస్తా, పురుగుకి కూడా తెలీదు."

"వద్దురా. రేపెవడో ఈ జాయింటు పెట్టె తెరిచి, రంగుని నమ్మి కోస్తాడు. వాడు కోసిన పోగుకి అవతల ఆపరేషను జరుగుతుంటే?"

"ఉద్యోగం పోతుంది బావా! అక్కకేం చెప్తావు?"

"జరిగింది చెప్తా. ఫోను మేడమ్‌కియ్యి."

పక్కగదిలో ఉన్న మేడమ్‌కిచ్చాను. విన్నారు, ఫోను పెట్టేశారు, జీపెక్కమన్నారు. గోతి దగ్గరికి పది నిమిషాలు. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మమ్మల్ని చూసి బావ గోతిలోనే లేచి నిలబడ్డాడు.

"నాకు పచ్చా గోధుమా ఒకేలా కనబడతాయి మేడమ్. మొదట్నుంచీ అంతే. వీడి తప్పేం లేదు."

మేడమ్ వంగి జాయింటు పెట్టెలోకి చూశారు.

"మీరెందుకు అరుస్తారో నేనెప్పుడూ అడగలేదు. అడక్కుండానే రూలు రాశాను," అన్నారు. "అతికేవాళ్లకి రంగులు తెలియాలని అందులో రాయలేదు. చెప్పే మనిషి ఉండాలని రాశాను." నావైపు తిరిగారు. "అతుకు పూర్తవకుండా గోతిలోంచి ఎందుకు లేచావు?"

మేడమ్ జీపు మీదే పనుల పుస్తకం తెరిచి రాశారు: తప్పు, రంగు చెప్పే మనిషిది. "మిషన్ల గదికి వేరేవాణ్ణి చూసుకుంటాను. నువ్విక్కడే ఉండు. ఇంకా నలభై నిమిషాలుంది."

కుర్చీ పోయింది, చల్లగాలీ పోయింది. చీవాట్లు తిని అంత సంతోషపడ్డ వెధవ ఇంకోడు ఉండడు. చెప్పులిడిచి గోతిలోకి దిగాను. బావ ఆ రెండు అతుకులూ తెంపి, కొసలు శుభ్రంగా తుడిచి, నావైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

"పచ్చ," అన్నాను. పోగు అందిస్తుంటే ఆ మాట నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పరా పాటగాడా," అన్నాడు బావ.