తినకూడని పక్షి

తడి ఈకల వాసన.

వేడినీళ్లలో ముంచి తీసిన పక్షి ఒంటి నుంచి లేచే ఆవిరి... అది గోళ్లలో చేరుతుంది, జుట్టులో చేరుతుంది, తినే రొట్టెలో చేరుతుంది.

సరస్సు గట్టున కూర్చుని ఈకలు పీకడం నా పని. నా పేరు సంబాతి. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. త్రుఫోనైతే "ఏయ్, ఈకలదానా!" అనేవాడు.

త్రుఫోను — ఆ పేరు పలికితే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది.

సరస్సులోని జమ్ముగడ్డంతా రాజుగారి దగ్గర గుత్తకు తీసుకున్నవాడు. ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు, ఒళ్లంతా ఊదా రంగు ఉండే నీటికోళ్లను అలెక్సంద్రియలో మన యూదుల ప్రతి ఇంటికీ, ప్రతి పెళ్లికీ పంపేది అతనే. ఇంకొకడు ఆ జమ్ములో వల వేయకూడదు.

మా అబ్బాయి యాసోను వేశాడు.

ఒక్క వల. జ్వరం తగ్గిన నాకు నోటికి కాస్త రుచిగా ఉంటుందని. అంతే.

త్రుఫోను మనుషులు తెడ్లతో కొట్టారు. నా కొడుకు జమ్ములో బోర్లా తేలాడు.

పెద్దల ముందు త్రుఫోను చెయ్యెత్తి ప్రమాణం చేశాడు — కాలు జారి పడ్డాడు, మునిగిపోయాడు అని. మా ప్రార్థన మందిరంలో వెలిగే దీపాలకు నూనె అతనిదే మరి. పెద్దలు తలలూపారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నా కొడుకు వీపు మీద తెడ్డు దెబ్బలు కడిగింది నేను. ఈ చేతులతో.

ఏడవలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయం.

మళ్లీ గట్టు మీద కూర్చున్నాను. మళ్లీ అతని పక్షులకే ఈకలు పీకాను. ఒక్కో ఈకా పీకుతూ — నిన్ను, నిన్ను, నిన్ను... అనుకున్నాను.

అలా ఉండగా పెద్దలు మన ధర్మశాస్త్రాన్ని హెబ్రీ నుంచి గ్రీకులోకి మార్చే పని పెట్టుకున్నారు. మన పిల్లలకు హెబ్రీ రాదు. పెద్దల్లో సగం మందికీ రాదు, ఒప్పుకోరు గానీ. తినకూడని జంతువుల్లో ఒంటె గ్రీకులోకి హాయిగా వచ్చింది. పందీ వచ్చింది. తినకూడని పక్షుల దగ్గరికి వచ్చేసరికి బండి కూరుకుపోయింది.

ఒక పేరు ఉంది... అది ఏ పక్షో ఎవరికీ తెలియదు. యెరూషలేము నుంచి పిలిపించిన ముసలి హనన్యాకూ తెలియదు. ఒకాయన గుడ్లగూబ అన్నాడు, ఒకాయన కొంగ అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. "ఆ పేరులో 'ఊపిరి' అనే మాట ఉందయ్యా, అంతవరకే నాకు తెలుసు" అన్నాడు హనన్యా.

చివరికి పెద్దల్లో ఒకడైన దోసితేయు ఊళ్లోని పక్షులవాళ్లందరినీ మందిరం వాకిట్లోకి రమ్మన్నాడు, పక్షులతో సహా. అరుపులు, రెట్టలు, గాల్లో ఈకలు. ఆ గోలలో నన్ను చూశాడాయన.

"ఏమ్మా సంబాతీ, ఊపిరితో ఏదైనా చిత్రం చేసే పక్షి ఉందా మన సరస్సులో?"

త్రుఫోను పంజరాల వంక చూశాను.

"ఉంది పెద్దాయనా. ఊదా నీటికోడి. గ్రీకుల ఇళ్లలో పెంచుతారుగా, ఇంటావిడ తప్పు చేస్తే అది ఊపిరి బిగబట్టి చచ్చిపోద్దంట."

"అయితే మా ఇంట్లో రోజుకొకటి చచ్చేది!" అన్నాడు బాతులవాడు. వాకిలంతా నవ్వింది.

హనన్యా నవ్వలేదు. "ఊపిరి..." అన్నాడు. "ఊపిరి!" అన్నాడు. కలం కదిలింది.

ఊళ్లో అందరూ చెప్పుకునే కబురే అది. నేనెన్నడూ కళ్లతో చూడలేదు. శాస్త్రంలోని ఆ పక్షి ఏదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. నాకు తెలిసింది త్రుఫోను ఒక్కడే.

గ్రీకు శాస్త్రాన్ని మందిరంలో చదివే రోజు ఇంకా రానే లేదు, ఊదా నీటికోడి తినకూడనిదన్న వార్త మాత్రం ఇంటింటికీ పాకింది. కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారు. త్రుఫోను వాకిట్లో పంజరం మీద పంజరం. లోపల పక్షులు, బయట ఈగలు. గుత్త సొమ్ము కోసం రాజుగారి మనుషులు అతని నెత్తిన కూర్చున్నారు.

ఒక పొద్దున నా గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా..."

అక్క! ఎన్నాళ్లకు అక్కనయ్యానురా నీకు!

"పొరపాటు పడ్డానని పెద్దాయనతో ఒక్క మాట చెప్పక్కా. లేదంటే నన్నూ పిల్లల్నీ సంతలో నిలబెట్టి అమ్మేస్తారు. నీ కాళ్లు పట్టుకుంటా."

"మావాడు కాలు జారి పడ్డాడా?"

నేల చూశాడు.

"మందిరంలో, అందరి ముందూ నిజం చెప్పు. ఆ తర్వాత చూద్దాం."

"చూద్దామంటే?"

"చూద్దామంటే చూద్దామనే."

చదివే రోజు వచ్చింది. మందిరం కిక్కిరిసిపోయింది. కంసాలులది ఒక వరుస, నేతవాళ్లది ఒక వరుస, పక్షులవాళ్లది ఒక వరుస. నేను పక్క స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాను. దోసితేయు గ్రీకులో చదువుతున్నాడు. గద్ద... కాకి... గుడ్లగూబ... ఊదా నీటికోడి...

త్రుఫోను లేచాడు.

"ఆపండి! యాసోను జారి పడలేదు. మావాళ్లే కొట్టారు. నేనే కొట్టమన్నా. నా ప్రమాణం అబద్ధం! చెప్పేశాగా... ఇప్పుడు ఆవిడ్ని అడగండి. ఆ పక్షి సంగతి అడగండి!"

విన్నాను. ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. ఈ మాట కోసమే కదా ఇన్నాళ్లూ ఊపిరి పీల్చాను.

దోసితేయు నా వైపు తిరిగాడు. "అమ్మా సంబాతీ... ఆ పక్షి అదేనా?"

"నా కొడుకు జారిపడ్డాడని తేల్చిన రోజు నన్నడిగారా పెద్దాయనా?"

ఆయన గ్రంథంలోకి తల దించాడు.

"ఇప్పుడడిగారు గాబట్టి చెప్తున్నా. అదే పక్షి."

త్రుఫోను నా వైపు చూశాడు. నేనూ చూశాను. చూద్దామన్నాను కదా — చూశాను.

హనన్యా లేచి పలికాడు, ఈ గ్రంథంలో ఒక్క మాట కలిపినవాడూ, ఒక్క మాట తీసినవాడూ శాపగ్రస్తుడని. మా మందిరం చాలా పెద్దది, చివరి వరుసలకు చదివేది వినపడదు. అందుకే మధ్య అరుగు మీద సేవకుడు తెల్లటి గుడ్డ ఊపుతాడు. ఊపగానే అందరూ ఆమేన్ అనాలి. అననివాడు మనలో ఒకడు కాడు.

గుడ్డ ఊగింది.

ఆమేన్ — కంసాలులు. ఆమేన్ — నేతవాళ్లు. గోడలు అదిరాయి.

నేను మాత్రం త్రుఫోను పెదవుల వంకే చూస్తున్నాను.

కదిలాయి. తన పక్షి తినకూడనిదని తన నోటితోనే ఒప్పుకున్నాడు.

కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

ఇంకోసారి అనరా, అనుకున్నాను. ఇంకోసారి...