పదిహేను కిలోల సంచి

మా అక్క ఐకారువా మంచం మీద గుడ్డసంచి పరిచి, అందులో ముందుగా స్వెటర్ పెట్టింది. జూలైలో తెల్లవారుజామున టాపులేని జీపులో కూర్చుంటే పళ్ళు టకటకలాడతాయని అరూషాలో మేం నడిపే బసకు వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేది. ఆ రోజు తనకు తానే చెప్పుకుంటోంది.

"నీలం వద్దు, నలుపు వద్దు. ఆ రంగులకు కుట్టే సెట్సీ ఈగలు ముసురుతాయి. తెలుపు దుమ్ముకు ఆగదు. మిలిటరీ మచ్చల బట్టలు అసలే వద్దు, పోలీసులు పట్టుకుంటారు."

"నీకు మిలిటరీ బట్టలు ఎక్కడివక్కా?"

"లేవులే. చెప్పకపోతే నా నోరు ఊరుకోదు."

సింహాలుండే సెరెంగెటి అడవికి వెళ్ళే చిన్న విమానాల్లో మెత్తటి సంచులే ఎక్కిస్తారు, అవీ పదిహేను కిలోలు దాటకూడదు. చక్రాల పెట్టెలతో దిగిన అతిథుల సామాను అక్కే మా గుడ్డసంచుల్లోకి మార్చేది. ఏది అక్కరలేదో మొహం మీదే చెప్పేది. ఒకసారి ఒక పెద్దమనిషి చేతిలోంచి అత్తరు సీసా లాక్కుని, "ఏనుగుతో పెళ్ళిచూపులా నీకు?" అంది. ఇన్ని చెప్పే అక్క రెండువేల షిల్లింగుల నోటు మీద తప్ప సింహాన్ని చూసి ఎరగదు. నేనూ అంతే. బస వదిలి వెళ్ళే తీరిక మాకెప్పుడు దొరికింది గనక?

ఆ వారం హెండ్రికా అనే డచ్ టీచరమ్మ స్నేహితురాలితో దిగింది. స్నేహితురాలు మా మెట్ల మీద జారి, మడమ బెణికి, మంచమెక్కింది. డబ్బు కట్టేసిన సీటు ఖాళీ. "మూడు రాత్రులే. నువ్వు రా" అంది హెండ్రికా. అక్క మాట పూర్తి కానివ్వలేదు, సంచి తెచ్చేసింది.

మా ఇంట్లో ఎవరు సంచి సర్దుకున్నా నాకు గుండెదడ. మా ఆయన రంగురాళ్ళ గనుల్లో పనికని మెరెరానీ వెళ్ళాడు. తమ్ముడు ఓడలెక్కుతానని టాంగా రేవుకు వెళ్ళాడు. ఇద్దరి సంచులూ సర్దింది నేనే. ఇక మిగిలింది అక్క ఒక్కతే. అందుకే అక్క స్నానానికి వెళ్ళగానే బొగ్గుల ఇస్త్రీపెట్టెను తువ్వాలులో చుట్టి సంచి అడుగున దోపాను. బరువు ఎక్కువైతే ఎక్కనివ్వరు కదా.

విమానాల దగ్గర తూకం వేసే కుర్రాడు గాడ్‌లిసెన్ మా చర్చివాడే. ముల్లు చూసి నాలుక కరుచుకున్నాడు.

"నాలుగు కిలోలు ఎక్కువుంది పెద్దమ్మా. ఏనుక్కి మేత పట్టుకెళ్తున్నావా?"

అక్క అక్కడే చతికిలబడి సంచి తెరిచింది. ఇస్త్రీపెట్టె బయటపడింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. నేను దూరంగా కనిపించే కొండ వైపు చూశాను.

"ఎలియాపెండా, ఏంటే ఇది?"

"బట్టలు నలిగితే సింహాలు ఏమనుకుంటాయో అని."

"అవునవును. పరువు తక్కువ" అంటూ దాన్ని భద్రంగా మళ్ళీ లోపలే పెట్టింది. తర్వాత సంచిలోని గౌను తీసి, వేసుకున్న గౌను మీదే తొడిగింది. దాని మీద ఇంకోటి. పైన రెండు కంగా గుడ్డలు చుట్టి, స్వెటర్ వేసి, కోటు కూడా తగిలించింది.

"ఇప్పుడు తూయి."

"సంచి సరిపోయింది గానీ పెద్దమ్మా, నువ్వే..."

"నన్ను తూయమని ఏ రూల్లో ఉందిరా?"

హెండ్రికా నవ్వలేక పొట్ట పట్టుకుంది. చెమటలు కక్కుకుంటూ అక్క విమానం మెట్లు పక్కకు తిరిగి ఎక్కింది, ఎదురుగా పట్టలేదు మరి.

నాలుగో రోజు హెండ్రికా ఒక్కతే దిగింది.

"రంగుల సంగతి తేల్చుకోవడానికి మీ అక్క నా నీలం టోపీ లాక్కుని జీపు బయట వేలాడదీసింది" అంది. "ఈగలు నిజంగానే ముసిరాయి. ఎంత మురిసిపోయిందనుకున్నావు! కానీ సింహాలు ఎప్పుడూ వేటాడుతూ తిరుగుతాయని ఇన్నాళ్ళూ అందరికీ అబద్ధం చెప్పానని బాధపడుతోంది. అవి పగలంతా మీ పాస్టరుగారిలా పడుకునే ఉన్నాయట. మిగతావి కూడా చూసుకుని వచ్చే విమానంలో వస్తానంది."

ఆ విమానంలోంచి పైలట్ దిగాడు, అక్క దిగలేదు. ఆమె కళ్ళజోడు పంపమన్నాడు. అడవిలో వాళ్ళు దిగిన గుడారాల యజమాని ఆమెను ఉండమన్నాడట. చీకటి పడ్డాక కావలివాడు లేకుండా గుడారం దాటొద్దని కొత్తవాళ్ళకు ఆమె చెప్తే ఒక్కడూ దాటడం లేదట.

"జీతమిస్తున్నారా?" అని అడిగాను.

"ఇవ్వకపోతే వాళ్ళ గతేంటి పెద్దమ్మా? అందరూ ఆవిడకి భయపడుతున్నారు."

తర్వాతి విమానానికి ఆమె గరిటె అడిగింది, పంపాను. ఆ తర్వాత పాటల పుస్తకం. వర్షాల ముందు వచ్చిన విమానానికి వరండాలోని తన కుర్చీ పంపమంది. గాడ్‌లిసెన్ దాన్ని తూకం మీద పెట్టి నా మొహం చూశాడు.

"ఇది సంచి కాదు పెద్దమ్మా, ఎక్కించకూడదు."

"ఎక్కించరా" అన్నాను. "నడుం నొప్పి మనిషి."

మా అక్క ఐకారువా సెరెంగెటి నుంచి తిరిగి రాలేదు. వెళ్ళింది రెండువేల నాలుగు జూలైలో, ఒక బుధవారం.